హైదరాబాదు నగరమునకుఁ బ్రథమ మేయరు నెన్నిక

ఆంధ్రదేశ చరిత్రమును వ్రాసిన మన పండితులు రాజుల పట్టాభిషేకములను, దండయాత్రలను, దానశాసనములను మిక్కిలి శ్రద్ధతోఁ బరిశోధించిరి. పురపాలక సంఘముల యెన్నికలను మాత్రము చరిత్రమున కక్కఱకు రాని చిల్లర సంగతులని విడిచిపుచ్చిరి. అట్లు విడువఁబడిన వానిలో 1951వ సంవత్సరమున హైదరాబాదు నగరమునఁ జరిగిన మేయరు పదవి యెన్నిక యొకటి. ఆ యెన్నికయందు మాడపాటి హనుమంతరావు పంతులుగారు ఆ నగరమునకు మొదటి మేయరుగా నెన్నుకొనఁబడిరి. దీనినిగూర్చి రెండభిప్రాయములు వినవచ్చుచున్నవి. మేయరు పదవి వట్టి యలంకారము గనుక దానికొఱకు జరిగిన యెన్నికను లెక్కింప నక్కఱలేదని కొందఱందురు. నిజాము రాజధానిని దెలుఁగుభాష జయించిన దినమది యని మఱికొందఱు పొంగిపోవుదురు. ఈ రెండును సరికావని నా తలంపు. అందుల కాధారములను జూపుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

మా పొదిలి ప్రాంతమువారికి మేయరను మాట చెన్నపట్టణము నుండి వచ్చినది. పొదిలి సీమ 1970లో ఒంగోలు జిల్లా యేర్పడువఱకు నెల్లూరు మండలములోనిది. 1953 వఱకు మాకు రాజధాని చెన్నపట్టణమే. ఊరిలో మునసబు, కరణము, పైన తహసీలుదారు, ఆపైన కలెక్టరు. పల్లెవారు చిరకాల మెఱిఁగిన యధికార మింతయే. వీరిలో నొక్కరును జనులెన్నుకొన్నవారు గారు. ఓటుచేతఁ గూడ నధికారము లభించుననుటకు మా పెద్దలు చెప్పుకొను నిదర్శనము టంగుటూరి ప్రకాశము పంతులుగారు. ఒంగోలు దగ్గఱి వినోదరాయునిపాలెమునఁ బుట్టి, తల్లి నడపిన పూటకూళ్ల యింటి కష్టార్జితముతోఁ బెరిగి, రాజమహేంద్రవరమున వకీలై, 1904లో నా పట్టణ పురపాలక సంఘమున కధ్యక్షులైరి. తరువాత నాయన యెక్కిన పదవులన్నిటికి నదియే తొలిమెట్టు.

మేయరను పదముతోఁ దెలుఁగువారికిఁ గల పరిచయము మనము తలఁచుదానికంటెఁ బ్రాచీనమైనది. 1687 డిసెంబరునఁ బుట్టిన సనదునుబట్టి తూర్పిండియా కంపెనీవారు 1688 సెప్టెంబరు 29వ తేదీని చెన్నపట్టణమున నగరసభను స్థాపించిరి. నథానియేలు హిగ్గిన్సను మొదటి మేయరు. అతనితోఁ గూడఁ బండ్రెండుగురు ఆల్డర్మెనులుండిరి. వారిలోని హిందువులలో నొకఁడు చిన్న వేంకటాద్రి. ఇతఁడు చెన్నకేశవస్వామి యాలయమును గట్టించిన బేరి తిమ్మన యను తెలుఁగు వర్తకునికిఁ దమ్ముఁడు. అయినను వీరిని జనులెన్నుకొనలేదు, కంపెనీవారే నియమించిరి. నల్లవారిలోఁ బెద్దలను సభలోఁ గూర్చుండఁబెట్టిన యెడల జనులు పన్నుల నొప్పుకొందురని సీమలోని యజమానుల యూహ. జనులు పన్నుల నొప్పుకొననులేదు. ఆ సభ వలన నాశించిన ఫలము గలుగనులేదు. ఓటులేని చోటఁ బీఠమునకుఁ బరువు లేదనుట కిది పాత సాక్ష్యము. కొంతకాలమునకు మేయరను పేరే మాసిపోయెను. పిట్టి త్యాగరాయ శెట్టిగారు చెన్నపురి నగరసభలో నించుమించు నలువదేండ్లు సభ్యులుగా నుండి, ప్రభుత్వోద్యోగి కాని ప్రథమాధ్యక్షులుగా నెన్నుకొనఁబడినప్పు డా పదవి పేరు ప్రెసిడెంటు. 1933లోఁగాని చెన్నపట్టణమున మేయరను పేరు మరల రాలేదు.

ఇచ్చట నొక భేదమును విజ్ఞులు గుర్తింపవలెను. మన దేశమునందు నగరపాలనమునకు రెండు మార్గము లేర్పడినవి. 1888వ సంవత్సరపు బొంబాయి శాసనమునుబట్టి నగరసభ తీర్మానించును, కమీషనరు నిర్వహించును. ఆ కమీషనరును నియమించునది ప్రభుత్వము. కలకత్తాలో 1923 శాసనము వేఱొక త్రోవ తీసెను. అచ్చట ముఖ్య నిర్వాహకుని నగరసభయే యేర్పఱుచుకొనవచ్చును. అందుచేతనే 1924లో దేశబంధు చిత్తరంజనదాసుగారు మేయరై, సుభాషచంద్ర వసువు నా పనికిఁ దెచ్చుకొనఁగలిగిరి. హైదరాబాదు నడచినది బొంబాయి త్రోవను. సభలో నధ్యక్షత వహించుట, వాదోపవాదములను జక్కఁజేయుట, నగరము పేర నతిథులకు స్వాగతము చెప్పుట మేయరువంతు. జీతగాండ్రు, ఖజానా, గుత్తలు కమీషనరు చేతిలోనివి. మేయరు పదవి యలంకారమనువారి వాదమున కింతవఱకు బలము గలదు.

హైదరాబాదునందు నగరపాలనమునకు బల్దియా యని వాడుక. 1869లో మొదటి సాలారుజంగు మంత్రిగా నున్నప్పుడు నగరమును నాలుగు భాగములుగను, చాదర్‌ఘాటు శివారు నైదు భాగములుగను విభజించి, యా భార మంతయు నగర కొత్వాలు నెత్తిమీఁదఁ బెట్టిరి. వీథు లూడ్పించువాఁడును దొంగలఁ బట్టువాఁడును నొక్కఁడే యన్నమాట. 1886లోఁ జాదర్‌ఘాటు ప్రత్యేక పురపాలక సంఘమయ్యెను. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి వేలకొలఁది జనులను బొట్టఁబెట్టుకొన్న తరువాత మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని రప్పించి జలాశయముల యేర్పాటు చేయించిరి. 1912లో నగరాభివృద్ధి మండలి పుట్టెను. ఇవి మంచి పనులే. కాని యివి యన్నియుఁ బైనుండి వచ్చినవే. నగరవాసుని యడిగి చేసినది యొక్కటియు లేదు. 1933లోఁ జాదర్‌ఘాటును గలిపి కార్పొరేషను చేసిరి. 1934లో మొదటి యెన్నికలు జరిగినవి. 1942లో నా హోదాను దీసివైచిరి. ఈకలు వచ్చిన యెనిమిదేండ్లకే పిట్టకు రెక్కలు విఱిచినట్లయ్యెను. నగరవాసికి స్వపరిపాలన మనుగ్రహమే కాని హక్కు గాదని యీ సంగతి చాటుచున్నది.

ఇఁకఁ దెలుఁగు మాట. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలయందు నిజాము రాష్ట్ర సంఘసంస్కార సభ కూడెను. అధ్యక్షులు మహర్షి ధోండో కేశవ కర్వేగారు. ఇంగ్లీషున, ఉర్దూలో, మరాఠీలో నుపన్యాసములు జరిగినవి. సభ యోపికతో వినెను. ఆలంపల్లి వేంకటరామారావను వకీలు తెలుఁగున మాటలాడుటకు లేచినంతనే కొందఱు గేలిచేసి, చప్పట్లు చఱచి, యాయన మాట సాగనీయరైరి. రాజ్యములోని జనులలో నించుమించు సగముమంది మాటలాడు భాషకు రాజధానిలోఁ గలిగిన మర్యాద యిది. ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి యింటఁ గొలఁదిమంది కూడి యాంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటివారు, బూర్గుల రామకృష్ణరావుగారు, మందుముల నరసింగరావుగారు, ఆదిరాజు వీరభద్రరావుగారు వారిలోనివారు. ఈ కథను మన చరిత్రకారులు పలుమా ఱుదాహరించిరి. అయితే యందలి యొక సంగతిని దాఁటిపోవుదురు. గేలిచేసినవారు నిజాము కొలువువారు గారు. సంఘమును సంస్కరింపవచ్చిన విద్యావంతులు. తెలుఁగును జిన్నచూపు చూచినది సింహాసన మొక్కటే కాదు, సాటి ప్రజయు నట్లే చూచెను. కావున మాడపాటివారి తరువాతి ముప్పదేండ్ల కృషి సింహాసనముతోడి పోరాటము మాత్రమే యని తలఁచుట పొరపాటు. సాటివారిచేత మన్నన పొందుట యందలి ప్రధానోద్దేశము.

ఆ మన్నన నాయన సంపాదించిన తీరు చూడఁదగినది. ఆయన 1885 జనవరి 22వ తేదీని గృష్ణామండలము నందిగామ తాలూకాలోని పొక్కునూరునఁ బుట్టెను. బాల్యమునందే నిజాము రాజ్యమునకు వచ్చి యచ్చటనే పెరిగెను. ఉర్దూ పారసీకములను బాగుగ నభ్యసించెను. ముషీరె దక్కను అను నుర్దూ పత్రికకు సంపాదకత్వము వహించెను. ప్రేమ్‌చందు కథలను దెలిఁగించెను. పిమ్మట వకీలై ప్రసిద్ధి కెక్కెను. తెలుఁగును రక్షింపఁ బూనినవాఁ డుర్దూను ద్వేషింపలేదు, దానిలోఁ బండితుఁడయ్యెను. ఆంధ్రజనసంఘము పక్షమున వెట్టిచాకిరినిగూర్చి, వర్తక స్వాతంత్ర్యమునుగూర్చి చిన్న పుస్తకములు వ్రాసి పంచెను. అంగడివానియొద్ద నధికారులు సరకును దమ యిష్టము వచ్చిన ధరకుఁ గొనిపోవుట, చాకలి మంగలి మొదలగువారిచేఁ గూలి యీయక పనిచేయించుకొనుట ధర్మవిరుద్ధమే కాదు, ఆ రాజ్యపు శాసనములకే విరుద్ధమని సర్కారువారి ఫర్మానాలను జూపియే వాదించెను. సభ చేయవలెనన్న ముందుగ ననుజ్ఞ పొందవలెనను గస్తీ నిషాను 53 అమలులో నున్న దినములవి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదటి యాంధ్రమహాసభ జరిగెను. 1935లో సిరిసిల్లలో నాలుగవదానికి మాడపాటివా రధ్యక్షులైరి.

ఆయన కృషిలో నాకు మిక్కిలి గొప్పదిగాఁ దోఁచునది 1928లో స్థాపింపఁబడి నారాయణగూడలో వెలసిన యాంధ్ర బాలికా పాఠశాల. 1918లోఁ బుట్టిన యుస్మానియా విశ్వవిద్యాలయమునందు బోధనభాష యుర్దూ. తెలుఁగునఁ జదువు చెప్పు బాలికల పాఠశాలకు గుర్తింపు దొరకుట దుర్ఘటమైనప్పుడు మాడపాటివారు దానిని గర్వేగారి మహిళా విశ్వవిద్యాలయముతోఁ జేర్చిరి. ఏ మహర్షి యధ్యక్షత వహించిన సభలోఁ దెలుఁగునకు నవమానము గలిగెనో యా మహర్షి విద్యాపీఠమే తెలుఁగు బాలికలకుఁ బరీక్షలు పెట్టెను. పగఁబట్టువాఁ డీ పని చేయఁజాలఁడు. బడిపంతుళ్లమగు మనము దీనిని మఱవరాదు.

ఆయనను నిందించినవారును లేకపోలేదు. అర్జీలు వ్రాయుట, మహజరులు సమర్పించుట తప్ప వేఱు తెలియని మితవాది యని యువకులు తూలనాడిరి. 1944లో భువనగిరి సభ నాఁటికి రావి నారాయణరెడ్డిగారి పక్షము బలపడి మహాసభ రెండుగాఁ జీలెను. పల్లెలలో దొరల గడీలను గదల్చినది వారి పోరాటమేగాని మాడపాటివారి మహజరులు గావనుట నిజము. 1952 లోకసభ యెన్నికలలో నల్లగొండనుండి నారాయణరెడ్డిగారికి వచ్చిన యోట్లు జవహర్‌లాల్ నెహ్రూగారికి వచ్చిన వానిని మించినవి. ఆ యగ్నివంటి పల్లెయు, ఈ మితవాది నెన్నుకొన్న నగరమును నొక్క కాలమువే. నగరములో నొక్క భాష లేదు, ఒక్క మతము లేదు. తెలుఁగు, ఉర్దూ, మరాఠీ, కన్నడము, మార్వాడీ గుజరాతీ వర్తకుల భాషలు నన్నియుఁ గలిసిన పట్టణమది. అట్టిచోట నందఱితో నందఱి భాషలో మాటలాడఁగలవాఁడే పీఠమునకుఁ దగును.

1948 సెప్టెంబరు 13వ తేదీ మొదలు 17వ తేదీ వఱకు నడచిన సైనిక చర్యతో నిజాము స్వతంత్రత ముగిసెను. అటుపిమ్మట సేనాని చౌదరి పాలించెను. 1950 జనవరి 26వ తేదీని నిజాము రాజప్రముఖుఁ డయ్యెను. వెల్లోడిగారను సివిలు సర్వీసు ఉద్యోగి ముఖ్యమంత్రి యయ్యెను. ఆ సంవత్సరముననే హైదరాబాదునకుఁ గార్పొరేషను హోదా మరల వచ్చెను. 1937లోఁ బుట్టిన జూబిలీహిల్సు పురపాలక సంఘ మందుఁ గలిసెను. సికిందరాబాదునకు వేఱుగ నొక కార్పొరేష నేర్పడెను. 1951లో రెండింటికిని యెన్నికలు జరిగినవి. జనులు సభ్యులను, సభ్యులు మేయరును నెన్నుకొనుట పద్ధతి. మేయరు గడువొక సంవత్సరము. మాడపాటివారు 1951 నుండి 1954 వఱకు నా పీఠముననుండిరి.

కాలక్రమమును జదువరు లొకసారి పరికింపవలెను. హైదరాబాదు రాష్ట్రమునఁ బ్రజలెన్నుకొన్న శాసనసభ 1952లోఁ గాని రాలేదు. బూర్గులవారు ముఖ్యమంత్రిగాఁ బ్రమాణము చేసినది 1952 మార్చి 6వ తేదీ. అనఁగా 1951లో నా రాష్ట్రమునకుఁ బెద్ద వంశక్రమముచే వచ్చినవాఁడు, మంత్రులకుఁ బెద్ద నియామకముచే వచ్చినవాఁడు, రాజధానీ నగరసభకుఁ బెద్ద మాత్ర మోటుచే వచ్చినవాఁడు. ఆ యోటు నేరుగా వేసినది కాకున్నను నోటే. శాసనసభకంటె నగరసభ ముందు పుట్టినది. సభలో నెట్లు మాటలాడవలెనో, ఓడినవాఁ డెట్లు కూర్చుండవలెనో, కొత్వాలు కాలము నుండి హుకుములకు నలవాటు పడిన నగరము నేర్చుకొన్న బడి యదియే. పదవిలో నధికారము లేదని చెప్పువా రీ సంగతిని గుర్తింపరు.

అధికార విషయమున నమెరికా నగరములతోఁ బోల్చి చూచిన విశేషము తెలియును. అదే 1951వ సంవత్సరము ఏప్రిలులో ఫిలడెల్ఫియా నగరవాసులు తమకొక నూతన నగరశాసనము నోటుచే నంగీకరించుకొనిరి. నవంబరులో జోసెఫు క్లార్కును మేయరుగా నెన్నుకొనిరి. అఱువదియేడేండ్లుగా నా నగరము నేలుచున్న రిపబ్లికనుల పక్షము దానితోఁ గూలెను. ఆ మేయరు నాలుగేండ్లవాఁడు. జనులు నేరుగా నెన్నుకొన్నవాఁడు. ముఖ్యోద్యోగులను దానే నియమించువాఁడు. మన మేయ రేఁడాదివాఁడు. తన కచేరి జవానును సయితము స్వయముగా నియమింపలేనివాఁడు. అయినను శాసనములోని యక్షరములే యంతయు నని యనరాదు. చికాగో నగరశాసనమునుబట్టి మేయరు దుర్బలుఁడు, సభ ప్రబలము. 1955 ఏప్రిలులో రాబర్టు మెరియమును నోడించి గెలిచిన రిచర్డు డేలీ 1976 డిసెంబరున మరణించువఱకు నా నగరమును దన గుప్పిటఁ బట్టియుండెను. కారణమేమనఁగా నతఁడంతకుముందే తన కక్షకు స్థానికాధ్యక్షుఁడు. ఉద్యోగములు పంచిపెట్టు తంత్రము చేతనున్నవాఁడు. పదవికిఁ బరువు పదవిలోనుండి కాక యెక్కినవానిలోనుండి వచ్చుట కిది యొక విధము. మాడపాటివారిది మఱియొక విధము. ఆయనకుఁ బంచిపెట్టుట కుద్యోగములు లేవు. ముప్పదేండ్లుగా గ్రంథాలయములకు, బడులకు, వెట్టివారికిఁ జేసిన సేవ యొక్కటే యాయన మూలధనము. మేయరగుటకుఁ గొంచెము ముందే ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ అను పేర నా సేవాచరిత్రమును దానే రెండు భాగములుగా వ్రాసి ప్రకటించెను. అందుఁ దన్ను గూర్చి చెప్పుకొన్నదానికంటెఁ దోడివారినిగూర్చి చెప్పినదే యెక్కువ.

ఇఁక దెలుఁగువారు జయించిరనువారి మాట. ఈ వాదమునకు 1952 సెప్టెంబరు నెలయే సమాధానము చెప్పినది. నిజాము కాలపు ముల్కీ నిబంధనలు స్థానికులకే సర్కారు కొలువు లీయవలెనని విధించుచుండెను. వానిని దాఁటించి తెలుఁగు కోస్తా మండలములనుండియు నితర ప్రాంతములనుండియు నుద్యోగులను దెచ్చుచున్నారని విద్యార్థులు లేచిరి. హైదరాబాదులో సిటీ కళాశాల పరిసరములఁ బోలీసులు కాల్చిరి, ప్రాణములు పోయెను. న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిగారు విచారణ చేసిరి. ఆ కలహములోఁ దెలుఁగువాఁడు తెలుఁగువానినే పరాయివాఁడనెను. భాష జయించెనని పండుగ చేసికొన్నవా రీ ఘట్టమున కేమి వ్యాఖ్య చెప్పుదురో తెలియదు. అప్పుడు నగరమునకు మేయరు మాడపాటివారే. పుట్టుకచేఁ గృష్ణామండలమువాఁడు, బ్రదుకుచేఁ దెలంగాణమువాఁడు. ఆయన నెవ్వరును బరదేశి యని యెన్నలేదు. రెండు సీమల చరిత్రములను వేఱువేఱుగా వ్రాయ నుద్యమించువా రీయన నే సంపుటమునఁ జేర్తురో యాలోచింపవలెను.

1954 తరువాత ధరణీధర సంఘీగారు మేయరైరి. మాడపాటివారికి 1955లోఁ బద్మభూషణ బిరుదము వచ్చెను. 1958 నుండి 1964 వఱకు నాంధ్రప్రదేశ శాసనమండలి కధ్యక్షులుగా నుండి 1970 నవంబరు 11వ తేదీని గీర్తిశేషులైరి. నగరమునకు 1955లో నొక క్రొత్త శాసనము వచ్చెను. 1960 ఆగస్టు 3వ తేదీని సికిందరాబాదు కార్పొరేష నిందుఁ గలిసి రెండు పీఠము లొకటయ్యెను. 1962లో రాణి కుముదినీదేవిగారు మేయరగుటతో నా పీఠ మెక్కిన ప్రథమ మహిళ యను కీర్తి యామెకు దక్కెను. ఏఁడాది కొకరు చొప్పున మేయరులు మాఱుచుండిరి. కమీషనరు కచేరి మాత్రము మాఱలేదు. హైదరాబాదు నగరవాసి మేయరు పేరునకే నేరుగ నోటు వేసినది 2002వ సంవత్సరముననే. ఆ యెన్నికలోఁ దీగల కృష్ణారెడ్డిగారు గెలిచిరి. 2007లో బృహన్నగరపాలక సంస్థ యేర్పడినది. 2009లో మేయరు నెన్నుకొను పని మరల సభ్యుల చేతికే పోయినది.